ఎనిమిదికి ఎనిమిది గెలిచినా: ఎస్‌ఎంయూ తొలి ఏసీసీ సీజన్‌లో నా అనుభవం

"ఇంతకీ మీవాళ్లు ఎవర్ని గెలిచారని?" 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నా చెవిన పడినన్ని సార్లు ఈ ప్రశ్న ఇంకెవరి చెవినా పడి ఉండదు. ఆఫీసులో టెక్సస్ యూనివర్సిటీ అభిమానులు అడిగారు, టీవీలో వ్యాఖ్యాతలు అడిగారు, చివరికి ఇర్వింగ్‌లో ఉండే మా బావమరిది కూడా అడిగాడు. మీవాళ్లంటే డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, ఎస్‌ఎంయూ. మా అబ్బాయి చేరిన ఏడాదే ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏసీసీలో అడుగుపెట్టింది. వాడికి కాలేజీ కొత్త, కాలేజీకి కాన్ఫరెన్స్ కొత్త, నాకైతే ఆ ఆటే కొత్త.

డాలస్ పక్కనున్న ప్లేనో వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. డాలస్ ప్రొఫెషనల్ జట్టు కౌబాయ్స్ మ్యాచ్ ఉన్న ఆదివారం కాస్ట్‌కోలో జనం పలచగా ఉంటారు. ఫుట్‌బాల్ గురించి నాకున్న జ్ఞానం అంతవరకే. ఆ వేసవిలో నా ధ్యాసంతా క్రికెట్ మీదే. జూన్ 6న ఇక్కడి గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో, టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది కదా, ఆ మ్యాచ్ చూసొచ్చి ఎదురుపడ్డవాళ్లకల్లా అదే కథ చెప్పాను. ఆగస్టులో మావాడిని హాస్టల్లో దింపి బయల్దేరుతుంటే, "నాన్నా, ఫుట్‌బాల్ సీజన్ టికెట్లు తీసుకోండి. ఈ ఏడాది మిస్ అవకూడదు" అన్నాడు. విద్యార్థులు కూర్చునే చోటు వేరు, వాడు మా పక్కన ఉండడు. అయినా మా ఆవిడ నాకంటే ముందే సరేనంది. ఆ వంకనైనా పిల్లాడు కనిపిస్తాడని ఆవిడ లెక్క.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటో మావాడే చెప్పాల్సి వచ్చింది. తమలో తాము మ్యాచ్‌లు ఆడుకునే కాలేజీల గుంపట. మన రంజీ ట్రోఫీలో ఎలైట్, ప్లేట్ గ్రూపుల్లాంటివి కాబోలనుకున్నాను. హైదరాబాద్ ప్లేట్ గ్రూపుకి పడిపోయి, 2023-24లో అక్కడ గెలిచి మళ్లీ పైకొచ్చింది. ఇక్కడ ఆ పప్పులేం ఉడకవు. కింద ఎన్ని గెలిచినా పై కాన్ఫరెన్స్ వాళ్లు రమ్మనాలి, వాళ్ల కాలేజీలు ఓటేయాలి. ఆ ఓటుకి ఆట ఒక్కటే సరిపోదు. ఊరి సైజు, టీవీ మార్కెట్, పూర్వ విద్యార్థుల జేబులు, అన్నీ తూకం వేస్తారు.

2023 సెప్టెంబరు 1న ఏసీసీ ఓటేసి ముగ్గుర్ని చేర్చుకుంది: కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, డాలస్ నుంచి ఎస్‌ఎంయూ. కాన్ఫరెన్స్ పేరులోనేమో అట్లాంటిక్ తీరం. వాళ్లిద్దరిదీ పసిఫిక్ తీరం, మాది ఏ తీరమూ కాదు. అప్పటికే చెదిరిపోయిన పాక్-12 అనే పాత కాన్ఫరెన్స్‌లో, ఈ కాలిఫోర్నియా వాళ్లిద్దరూ కూడా వెళ్లిపోయేసరికి రెండే కాలేజీలు మిగిలాయి. టీవీ డబ్బు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఎస్‌ఎంయూ సంగతి తిరగేసి ఉంది. తొమ్మిదేళ్ల పాటు ఏసీసీ టీవీ డబ్బులో వాటా మాకొద్దని ఒప్పుకుని మరీ చేరింది. ఈ మాట చెప్పగానే మా ఫ్రెండ్ ఒకతను, "జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టే కన్సల్టెన్సీ టైపు అన్నమాట" అన్నాడు. పోలిక బాగానే ఉంది, కాకపోతే ఇక్కడ బెంచ్ మీద కూర్చున్నవాడు కోటీశ్వరుడు. ఏసీసీలో చేరుతున్నామని ప్రకటించిన వారం రోజుల్లోనే పూర్వ విద్యార్థులు పది కోట్ల డాలర్లు పోగుచేశారు.

అంత తాపత్రయం ఎందుకో నాకు అర్థమైంది మా పక్క సీటు పెద్దాయన వల్ల. ఎనభైల మొదట్లో ఆయన అక్కడే చదివారట. ఎరుపు టోపీ, చేతిలో చిన్న రేడియో. మ్యాచ్ కళ్ల ముందు జరుగుతున్నా ఒక చెవిలో కామెంటరీ వినాల్సిందే. మాకు ఆట తెలియదని మొదటి పది నిమిషాల్లోనే కనిపెట్టేశారు. మా ఆవిడ ఇచ్చిన చక్కిలాలు తింటూ నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ఎలా దాటాలో, దాటలేకపోతే బంతిని అవతలి వాళ్లకి ఎందుకు తన్నేస్తారో చెప్పారు. ఆట విరామాల్లో పాత కథలు.

ఆ కథలు వింటే ఎవరికైనా కడుపు మండుతుంది. 1982లో ఎస్‌ఎంయూ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా దేశంలో రెండో స్థానంలో నిలిచింది. తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన ఎరిక్ డికర్‌సన్ ఆ జట్టు వాడే. ఆ తర్వాత ఆటగాళ్లకి చాటుగా డబ్బులిస్తున్నారని తేలి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్ల 1987 సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. 1988లో కాలేజీయే ఆడలేమని చేతులెత్తేసింది. 1989లో కుర్రాళ్లతో మళ్లీ మొదలుపెడితే హ్యూస్టన్ చేతిలో 95-21 తేడాతో చిత్తయ్యారు. 1989 నుంచి 2008 దాకా, ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న ఏడాది ఒక్క 1997 మాత్రమే. ఈలోగా 1996లో ఎస్‌ఎంయూ ఆడే పాత సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ కలిసి బిగ్-12 అనే పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లాయి. ఎస్‌ఎంయూని ఎవరూ పిలవలేదు. అప్పట్నుంచి చిన్న కాన్ఫరెన్స్‌లు పట్టుకుని తిరిగింది. పెద్దాయన ఇదంతా చెప్పి నవ్వేశారు. "మేం అప్పుడు దొంగచాటుగా ఇచ్చినందుకు జట్టునే మూసేశారు. ఇప్పుడు అందరూ బాహాటంగా ఇస్తున్నారు, చట్టమే ఒప్పుకుంది." 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఎస్‌ఎంయూ తప్పు చేయలేదని నేననను. కానీ ముప్పై ఏడేళ్లు అంటే శిక్ష నేరాన్ని ఎప్పుడో దాటిపోయింది.

ఇక మ్యాచ్‌లు. ఆగస్టు చివర్లో రెండు గెలిచారు. సెప్టెంబరు 6, శుక్రవారం బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) వచ్చింది. మర్నాడే వినాయక చవితి. పత్రి, పూలు ఆఫీసు నుంచి వస్తూ నేనే కొన్నాను. కారులో పెడితే ఆ ఎండకి మాడిపోతాయని ఇంట్లో పెట్టి మళ్లీ పరుగెత్తాం. ప్లేనోలో పార్కర్ రోడ్ స్టేషన్ దగ్గర కారు వదిలేసి డార్ట్ రైలెక్కితే మాకింగ్‌బర్డ్ స్టేషన్‌లో దిగొచ్చు, పార్కింగ్ గొడవ ఉండదు. ఎస్‌ఎంయూ ఆ రోజు 18-15తో ఓడిపోయింది. పాస్‌లు విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌లిద్దర్నీ మార్చి మార్చి దింపారు, ఎవరికీ లయ కుదరలేదు. తిరుగు రైల్లో ఎవరో, "ఏసీసీలో వీళ్ల గతేం కాను" అన్నారు ఇంగ్లీషులో. మా ఆవిడ నా వంక చూసి, "రిఫండ్ ఇస్తారేమో కనుక్కోండి" అంది.

ఆ ఓటమే మంచి చేసింది. కోచ్ రెట్ లాష్‌లీ ఇద్దరితో ఆడించడం మానేసి కెవిన్ జెన్నింగ్స్‌కి పగ్గాలిచ్చారు. జెన్నింగ్స్ డాలస్ కుర్రాడే. సౌత్ ఓక్ క్లిఫ్ హైస్కూలుని 2021లో టెక్సస్ స్టేట్ ఛాంపియన్‌గా నిలబెట్టినవాడు. తర్వాతి మ్యాచ్‌లో పక్క ఊరి పాత శత్రువు టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 66-42. టీసీయూ కోచ్ అంతకుముందు ఎస్‌ఎంయూకి కోచ్‌గా ఉండి అటు వెళ్లిపోయినవాడు. రిఫరీలతో గొడవపడి మ్యాచ్ మధ్యలోనే మైదానం నుంచి బయటికి వెళ్లాల్సొచ్చింది. స్టేడియం అప్పుడు చేసిన గోల టచ్‌డౌన్‌లకి (బంతితో అవతలి గీత దాటితే వచ్చే ఆరు పాయింట్లకి) కూడా చేయలేదు.

సెప్టెంబరు 28న ఏసీసీలో మొదటి మ్యాచ్, మన ఊళ్లోనే, ఫ్లోరిడా స్టేట్ మీద. ఆ రోజు మేం పెందలాడే వెళ్లాం. మ్యాచ్ రోజుల్లో క్యాంపస్ మధ్యలోని బిషప్ బౌలెవార్డ్ అంతా టెంట్లే. దాన్ని అందరూ 'ద బౌలెవార్డ్' అనే అంటారు. డాలస్‌లో డబ్బున్నవాళ్ల పెళ్లి పందిళ్లు చూశాను గానీ, ఆట కోసం టెంటులో షాండ్లియర్ వేలాడదీయడం అక్కడే చూశాను. మావాడి స్నేహితుల తల్లిదండ్రులు ఒక టెంటు కింద చోటిచ్చారు. మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. ఒకావిడ, "ఇది లెమన్ రైసా?" అంటూ ఇంకో గరిటె వడ్డించుకుంది. చింతపండు అని చెప్పేలోపే డబ్బా సగం ఖాళీ. స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు, బ్యాగు కూడా లోపలున్నవి కనిపించే ప్లాస్టిక్‌దే అయ్యుండాలి. కాబట్టి తినాల్సింది ఇక్కడే తినేయాలి.

ఫ్లోరిడా స్టేట్ అంటే ఆషామాషీ పేరు కాదు. 2023లో పదమూడుకి పదమూడు గెలిచి ఏసీసీ ఛాంపియన్ అయింది. మాకు కనిపించింది మాత్రం వేరే జట్టు. డాలస్‌కి వచ్చేసరికే నాలుగింట మూడు ఓడిపోయి ఉన్నారు. ఎస్‌ఎంయూ 42-16తో గెలిచింది. టచ్‌డౌన్ పడినప్పుడల్లా పెరూనా అనే చిన్న నల్ల పోనీ మైదానంలో పరుగు తీస్తుంది. తాడు పట్టుకుని పక్కనే పరుగెత్తే కుర్రాళ్లు దాన్ని నడిపిస్తున్నారో, అదే వాళ్లని ఈడ్చుకెళ్తోందో తెలియదు. మా ఆవిడకి ఆటంతట్లో నచ్చింది ఆ గుర్రమే. నాకు నచ్చింది, ఆఖరి నిమిషాల్లో పెద్దాయన రేడియో తీసి జేబులో పెట్టేసుకోవడం. ఇంక ఎవరూ చెప్పాల్సింది లేదన్నట్టు.

సోమవారం ఆఫీసుకెళ్లి చెప్పాను. "ఫ్లోరిడా స్టేట్ ఈ ఏడాది ఒట్టి చెత్త టీమ్ కదా" అన్నారు. చివరికి వాళ్లు రెండు గెలిచి పది ఓడారు, అది నిజమే. కానీ ఆ మాట గెలిచాకే ఎందుకు గుర్తొస్తుందో. కొత్తగా వచ్చినవాడు గెలిస్తే అవతలివాడు బలహీనుడు, ఓడితే వీడు అనర్హుడు. మొదటి ఏసీసీ మ్యాచ్‌తోనే ఈ తర్కం నాకు ఒంటబట్టింది.

అక్టోబరు 5న లూయివిల్‌లో 34-27. అక్టోబరు 12న మ్యాచ్ లేదు. ఆ రోజు విజయదశమి, మా ఇంట్లో శాంతి నెలకొంది. 19న స్టాన్‌ఫర్డ్ వెళ్లి 40-10తో గెలిచొచ్చారు. డాలస్ జట్టు కాలిఫోర్నియా వెళ్లి ఆడిన మ్యాచ్ అట్లాంటిక్ తీరం పట్టికలో గెలుపుగా ఎక్కింది. ఫుట్‌బాల్ వాళ్లకి వారానికి ఒక్క మ్యాచ్, ప్రత్యేక విమానం. మిగతా ఆటల పిల్లల పాట్లు అడగకండి. మావాడి హాస్టల్లో అదే అంతస్తులో ఉండే అమ్మాయొకతి కాలేజీ జట్టులో వేరే ఆట ఆడుతుంది. వారం మధ్యలో విమానం, ఎయిర్‌పోర్టులో ల్యాప్‌టాప్ తెరిచి హోంవర్క్, అర్ధరాత్రి దాటాక రూముకి, పొద్దున్నే క్లాసు. కాన్ఫరెన్స్‌లు మార్చే పెద్దమనుషులు ఫుట్‌బాల్ టీవీ లెక్కలే వేసుకుంటారు, ఆ పిల్లల నిద్ర ఎవరి లెక్కలోనూ ఉండదు.

అక్టోబరు 26, డ్యూక్ మీద. ఇది నేను ఇంట్లో టీవీలో చూశాను, ఇంకోసారి అలాంటిది చూడలేను. ఎస్‌ఎంయూ ఆరుసార్లు బంతిని అవతలి వాళ్ల చేతిలో పెట్టింది. ఆరుసార్లు! క్రికెట్‌లో మన బ్యాటర్లంతా వరసపెట్టి రనౌట్ అయితే ఎలా ఉంటుందో అలా తల పట్టుకుని కూర్చున్నాను. అయినా స్కోరు 21-21. చివర్లో డ్యూక్ వాళ్లు తక్కువ దూరం నుంచే ఒక ఫీల్డ్ గోల్ కొట్టాలి, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నాలి, కొడితే మ్యాచ్ అయిపోయినట్టే. ఎస్‌ఎంయూ కుర్రాడు చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. ఓవర్‌టైమ్‌లో ఎస్‌ఎంయూ టచ్‌డౌన్ చేసి, ఆ పైన ఒక్క పాయింట్ కిక్ కూడా కొట్టి 28కి వెళ్లింది. డ్యూక్ కూడా టచ్‌డౌన్ చేసింది, 27. ఇంక ఒక్క పాయింట్ కిక్ కొట్టి సమం చేసుకుంటే ఆట సాగుతుంది. డ్యూక్ కోచ్ రెండు పాయింట్ల ఆటకి తెగించాడు. ఆ ఒక్క బంతితో గెలుపో ఓటమో తేలిపోవాలి. పాస్ నేల మీద పడింది. ఎస్‌ఎంయూ 28-27. జూన్‌లో సూపర్ ఓవర్ చూసినప్పుడు కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. మావాడు ఫోన్ చేసి మాటలు రాక కేకలే పెట్టాడు. వెనక హాస్టలంతా కేకలే.

ఇక్కడే నాకు జట్టు మీద గురి కుదిరింది. నలభై పాయింట్ల తేడాతో గెలిచినప్పుడు కాదు, చేతులారా పోగొట్టుకున్న మ్యాచ్‌ని పట్టుకుని వేలాడి లాక్కొచ్చినప్పుడు. పక్క సీటు పెద్దాయనకి ఈ లెక్క నచ్చలేదు. "మంచి జట్టు ఆరుసార్లు బంతి పారేసుకోదు" అన్నారాయన, తర్వాత కలిసినప్పుడు. ఆయన మాట డిసెంబరులో నిజమైంది.

ఆ తర్వాత కలిసింది నవంబరు 2న, పిట్స్‌బర్గ్ మ్యాచ్‌కి. దీపావళి గురువారం వెళ్లిపోయింది, పార్టీలన్నీ ఆ శనివారానికి పెట్టుకున్నారు. ఫ్రిస్కోలో మా వదినగారింట్లో పేకాట, పిల్లల చిచ్చుబుడ్లు, నలభై మందికి భోజనాలు. మేం రాలేమని చెప్పడానికి మా ఆవిడ ఎంత మాటల గారడీ చేసినా, "ఫుట్‌బాలా? మీ ఇద్దరికీనా?" అన్న ప్రశ్న దగ్గర దొరికిపోయింది. పిట్ అప్పటికి ఏడింటికి ఏడూ గెలిచి వచ్చింది. ఇంక ఈసారి ఎవరూ చెత్త టీమ్ అనలేరు కదా అనుకున్నాం. ఎస్‌ఎంయూ 48-25తో కొట్టింది. పార్టీకి వెళ్లేసరికి పాయసం అడుగంటింది. మా బావమరిది తలుపు తీస్తూనే, "సర్లే గానీ బావా, క్లెమ్సన్‌తో ఆడారా, మయామీతో ఆడారా?" అన్నాడు.

ఆడలేదు. ఏసీసీలో పెద్ద పేర్లు ఆ రెండూ. వాడి మాట కాదనలేం. పదిహేడు జట్లున్న కాన్ఫరెన్స్‌లో ఒక్కొక్కరికి ఎనిమిదే మ్యాచ్‌లు. ఎవరెవరితో పడతాయో షెడ్యూల్ వేసేవాళ్ల చేతిలో ఉంది. ఎస్‌ఎంయూకి ఆ ఏడాది క్లెమ్సన్ గానీ, మయామీ గానీ తగల్లేదు. తర్వాత బోస్టన్ కాలేజీ మీద 38-28, వర్జీనియాలో 33-7, నవంబరు 30న బర్క్‌లీ మీద 38-6. ఏసీసీలో ఎనిమిదికి ఎనిమిది. మొత్తం మీద పన్నెండింట పదకొండు. చేరిన మొదటి ఏడాదే కాన్ఫరెన్స్ ఫైనల్. అటువైపు నుంచి మయామీ వస్తుందనుకుంటే, అదే రోజు సిరక్యూస్ చేతిలో ఓడిపోయి ఆ చోటు క్లెమ్సన్‌కి వదిలేసింది.

ఫైనల్ డిసెంబరు 7న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. అక్కడ మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు, కాబట్టి హోటల్ ఖర్చు లేదని మా ఆవిడ దగ్గర వాదించి నేనూ మావాడూ బయల్దేరాం. క్లెమ్సన్ నుంచి షార్లెట్‌కి కారులో రెండు మూడు గంటలే. స్టేడియంలో ఎటు చూసినా నారింజ రంగే. చలి ఎముకలు కొరికేస్తోంది. మేం ఎర్ర స్వెట్టర్లలో ఒక మూల.

మొదటిసారి బంతి చేతికి రాగానే జారవిడుచుకున్నారు. చూస్తుండగానే క్లెమ్సన్ 14-0. సగం ఆట అయ్యేసరికి 24-7. క్లెమ్సన్ వాళ్లు ఆడే తీరే వేరుగా ఉంది. పిట్‌నీ, బోస్టన్‌నీ ఎస్‌ఎంయూ ముందు వరస కుర్రాళ్లు నెట్టుకుంటూ వెళ్లేవారు. ఇక్కడ నెట్టడానికి కుదరట్లేదు, ఎదురుగా ఉన్నవాళ్లు కదలట్లేదు. టీవీలో ఇది కనిపించదు, అక్కడ కెమెరా బంతి వెంట పోతుంది. మూల సీట్లోంచి చూస్తే రెండు వరసలు ఢీకొన్న క్షణంలో ఎవరు వెనక్కి జరిగారో తెలిసిపోతుంది. సీజనంతా జరగని మావాళ్లు ఆ రాత్రి అరడుగు అరడుగే జరిగారు. ఆ అరడుగులోనే జెన్నింగ్స్‌కి ఆలోచించుకునే టైమ్ పోయింది.

పదిహేడు పాయింట్లు వెనకబడ్డాక నేను లేచి కాఫీ తెచ్చుకుందామన్నాను. మావాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. నాలుగో క్వార్టర్లో తేడా కొద్దికొద్దిగా కరుగుతూ వచ్చింది. ఆట ముగియడానికి 16 సెకన్లు ఉందనగా జెన్నింగ్స్ పాస్, టచ్‌డౌన్, కిక్. 31-31. మా మూల ఉన్నది కొద్దిమందే, గొంతులు మాత్రం నారింజ రంగుని మింగేశాయి. తెలియని మనిషెవరో నన్ను కౌగిలించుకున్నాడు. ఓవర్‌టైమ్ ఖాయమనుకున్నాం.

పదహారు సెకన్లలో ఏం చేస్తారు? ఎస్‌ఎంయూ తన్నిన బంతిని అందుకుని క్లెమ్సన్ కుర్రాడు 41 గజాలు పరుగెత్తుకొచ్చాడు. ఒక పాస్, 17 గజాలు. ఇంక మూడు సెకన్లు. కిక్కర్ నోలన్ హౌజర్, మావాడిలాగే కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు. 56 గజాల నుంచి కొట్టాలి. అంత దూరం నుంచి ప్రొఫెషనల్స్ కూడా తప్పుతారని పక్కనెవరో చెబుతూనే ఉన్నారు. బంతి లేచిన క్షణంలోనే మావాడు తల దించుకున్నాడు. దారి చూస్తేనే తెలిసిపోయిందట. నాకు మాత్రం రిఫరీలు చేతులెత్తేదాకా తెలియలేదు. 34-31.

మర్నాడు మధ్యాహ్నం షార్లెట్ ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చుని ఫోన్ చూస్తున్నాం. జాతీయ ప్లేఆఫ్‌కి మొదటిసారి పన్నెండు జట్లు పెట్టిన ఏడాది అది. పదమూడు మంది కమిటీ కూర్చుని ఎవరెవరో తేలుస్తుంది. ఫైనల్‌కి ముందు ఎస్‌ఎంయూది 8వ ర్యాంకు. ఓడిపోయాక ఆఖరి సీటుకి పోటీ రెండు పేర్ల మధ్యకి వచ్చింది: ఎస్‌ఎంయూ, అలబామా. అలబామా మూడు మ్యాచ్‌లు ఓడింది, కానీ పెద్ద పెద్ద జట్లతో ఆడింది. ఎస్‌ఎంయూ రెండే ఓడింది, కానీ "ఎవర్ని గెలిచింది?" అదే ప్రశ్న ఇప్పుడు దేశమంతా అడుగుతోంది. ఫైనల్‌కి రావడమే నేరమైతే ఇంట్లో కూర్చుని అలబామాలా టీవీ చూసుకుంటే సరిపోయేదిగా అని మావాడి మంట. అందులో న్యాయం ఉంది. పదకొండో సీడ్‌గా ఎస్‌ఎంయూ పేరు వచ్చేసరికి మావాడు గేటు దగ్గరే గంతులేశాడు. ఎదురుగా అలబామా టోపీ పెట్టుకున్న ఒకాయన చప్పుడు చేయకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

డిసెంబరు 21, ప్లేఆఫ్ మొదటి మ్యాచ్, పెన్ స్టేట్ మీద, వాళ్ల ఊళ్లో. బీవర్ స్టేడియంలో లక్షకు పైగా జనం, గడ్డకట్టే చలి. ఇది ఇంట్లోనే చూశాం, సెలవులకి వచ్చిన మావాడితో. నాలుగు ముక్కల్లో చెప్పాలంటే: జెన్నింగ్స్ మూడు పాస్‌లు అవతలి వాళ్ల చేతుల్లో పడ్డాయి, అందులో రెండింటిని వాళ్లు నేరుగా టచ్‌డౌన్‌లుగా మార్చారు, సగం ఆటకి 28-0, చివరికి 38-10. టీవీలో వ్యాఖ్యాతలు అలబామా పేరు ఎత్తడం మొదలుపెట్టాక మావాడు సౌండ్ తీసేశాడు. పెద్దాయన నుంచి మెసేజ్ వచ్చింది. "డ్యూక్ మ్యాచ్‌లో అప్పు చేశాం, ఇవాళ కట్టేశాం."

బావమరిది ఫోన్ రాకముందే నేనే చేశాను. చూడు, ఆ వారం సొంత గడ్డ మీద ఆడిన నాలుగు జట్లూ గెలిచాయి. అలబామా ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ నుంచే వచ్చిన టెనెసీ ఒహాయో స్టేట్ చేతిలో 42-17తో ఓడింది. టెనెసీ అనర్హులని ఎవరైనా అన్నారా? క్లెమ్సన్ కూడా టెక్సస్ మీద 38-24తో ఓడింది. వాళ్లని అన్నారా? పాత కాపులు ఓడితే ఆ రోజు బాగోలేదంటారు, కొత్తవాళ్లు ఓడితే వాళ్లకి స్థాయి లేదంటారు. ఇదీ నా వాదన. అయితే షార్లెట్‌లో ఆ మూల సీట్లోంచి నేను చూసిన అరడుగు కూడా అబద్ధం కాదు. ముందు వరసలో బరువు, బలం చాల్లేదు. ఆ స్థాయి కుర్రాళ్లు ఒక్క ఏడాదిలో రారు, పిలుపు వచ్చినంత మాత్రాన రారు. డబ్బుంటే త్వరగా వస్తారు, ఆ డబ్బు డాలస్‌లో ఉంది. బావమరిది అంతా విని, "నీకు ఇంత ఫుట్‌బాల్ ఎప్పుడు తెలిసిందిరా నాయనా" అన్నాడు. వాడు ఒప్పుకున్నట్టా కాదా అన్నది తేల్చుకోలేదు.

జనవరి చివర్లో 2025 షెడ్యూల్ వచ్చింది. మావాడు ఫోటో తీసి పంపాడు, రెండు వరసల చుట్టూ ఎర్ర గీత గీసి. అక్టోబరు 18 క్లెమ్సన్, వాళ్ల ఊళ్లో. నవంబరు 1 మయామీ, మన ఊళ్లో. ఇంక ఎవరూ ఆ ప్రశ్న అడగడానికి ఉండదు. సీజన్ టికెట్లు రెన్యూ చేయించమంటారా అని అడిగితే మా ఆవిడ ముందు తెలుగు క్యాలెండర్ తీసింది. దీపావళి అక్టోబరు 20, సోమవారం. పార్టీలన్నీ 18నే పెడతారు. "క్లెమ్సన్ రోజు టీవీ వదినగారింట్లోనే పెట్టిద్దాం, ఆ నలభై మందీ చూస్తారు" అంది.